ఇంటియందు వైఫై వేగమును, వ్యాప్తిని పెంపొందించుకొను విధము

గడచిన వానకారు ఆరంభమున మా సంఘ కార్యాలయమునొద్ద జరిగిన యొక సంగతితో ఈ పాఠము నారంభించుచున్నాము. అది మాకు గౌరవము తెచ్చు సంగతి కాదు. అయినను సభ్యుల కుపయోగపడునని వ్రాయుచున్నాము.

ఎరువుల విక్రయమునకు ఆధారు వ్రేలిముద్ర పద్ధతి 2018 మార్చి నాటికి దేశమంతట అమలులోనికి వచ్చినది. వ్రేలిముద్ర యంత్రమునకు నెట్ అందనిచో బస్తా కదలదు. ఆ దినమున తెల్లవాఱకమునుపే వచ్చి వరుసలో నిలిచిన సభ్యులు డెబ్బదిమందికి పైగా నుండిరి. యంత్రము ఒక్కొక్క వ్రేలిముద్రకు అయిదాఱు నిమిషములు చక్రము త్రిప్పి, తుదకు మరల ప్రయత్నింపుడని చూపుచుండెను. ఎండ ముదిరినకొలది వరుస కరగినది; మధ్యాహ్నమునకు సగము మంది వట్టి చేతులతో మరలిపోయిరి. అందులో నిద్దఱు కౌలు రైతులు రెండు దినముల కూలి పోగొట్టుకొని, మూడవ దినమున గాని యూరియా చేజిక్కించుకొనలేకపోయిరి. నాట్లు వేసిన పొలమునకు మొదటి దఫా ఎరువు ఆలస్యమైన నేమగునో రైతులకు మేము చెప్పనక్కఱలేదు. మేము నెట్ సరఫరా చేయువారితో ఫోనులో తగవులాడితిమి. వారు పెద్ద ప్లాను తీసికొమ్మనిరి, తీసికొంటిమి. నెలకు ఖర్చు పెరిగినది, వరుస మాత్రము కదలలేదు. తుదకు పాలిటెక్నిక్కులో చదువుచున్న యొక సభ్యుని కుమార్తె వచ్చి చూచి, తప్పు మాదేయని తేల్చినది.

రౌటరు కార్యదర్శి గదిలో, మూలను, ఇనుప బీరువా వెనుక, పాత రికార్డుల కట్టల నడుమ నుండెను. కంటికి కనబడకుండ నుండవలెనని మేమే అచ్చట పెట్టించితిమి. విక్రయ స్థలమేమో గోడౌను ముందటి వసారాలో నున్నది. నడుమ రెండు రాతిగోడలు, ఇనుప షట్టరు, నిలువెత్తు బస్తాల వరుసలు. ఆ బాలిక ఇరువది యడుగుల తీగయు, నాలుగు మేకులును తెప్పించి, రౌటరును ముందుగదిలో తలకు మించిన యెత్తున గోడకు తగిలింపించినది. మఱునాటినుండి వ్రేలిముద్రకు కొన్ని క్షణములకంటె పట్టలేదు. పెద్ద ప్లానును రద్దు చేసికొంటిమి.

ఇట్టి పొరపాటు మా కార్యాలయమునకే పరిమితము కాదని తరువాత సభ్యుల యిండ్లు కొన్ని చూచి తెలిసికొంటిమి. ఇప్పుడు నెట్ లేని వ్యవసాయము లేదు. 2016 ఏప్రిల్ 14వ తేదీన ఆరంభమైన జాతీయ వ్యవసాయ విపణి మొదలు, పంట నమోదు, బీమా, బ్యాంకు ఖాతా, పిల్లల కాలేజీ సీటుకు ఆప్షన్లు పెట్టుకొనుట వఱకు అన్నియు దానిమీదనే నడచుచున్నవి. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు 63,000 కంప్యూటరుల క్రిందికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో నంగీకరించినది. కావున ఇంటిలోని నెట్‌ను సరిగా నుంచుకొనుట, మోటారును సరిగా నుంచుకొనుటవంటిదే యైనది.

మొదట నొక భేదము గ్రహింపవలెను. నెట్ వేఱు, వైఫై వేఱు. ఈ రెంటిని ఒకటిగా తలంచుటవలననే సగము ధనము వృథా యగుచున్నది. ఊరికి వచ్చు పెద్ద కాలువ యొకటి; మీ పొలముకడ తూము మఱియొకటి; తూమునుండి మడిమడికి పోవు బోదెలు వేఱొకటి. స్తంభములమీదుగా మీ యింటికి వచ్చు ఫైబరు తీగ కాలువ, రౌటరు తూము, రౌటరునుండి గాలిలో మీ ఫోనునకు వచ్చు వైఫై బోదె. కాలువలో నీరు లేనిచో బోదెను ఎంత చెక్కినను ప్రయోజనము లేదు. కాలువ నిండుగ పాఱుచున్నను బోదె పూడిపోయినచో చివరి మడి యెండిపోవును. నెట్ నడచుటలేదని చెప్పు సభ్యులలో చాలమందికి పూడినది బోదె. వారు డబ్బు చెల్లించుచున్నది కాలువ వెడల్పునకు.

ఏది పూడినదో ఊహింప నక్కఱలేదు, కొలువవచ్చును. వేగమును కొలుచు ఉచితమైన ఆప్‌లు ఏ ఫోనులోనైన దొరకును. మూడుచోట్ల కొలువుడు. మొదట, దొరకినచో ఒక లాప్‌టాపును తీగతో రౌటరునకు నేరుగ తగిలించి, ఇంటిలో నెవ్వరును నెట్ వాడని వేళ కొలువుడు. ఇది కాలువ కొలత. తరువాత రౌటరున్న గదిలోనే, దానికి రెండు మూడు గజముల దూరమున నిలిచి ఫోనుతో కొలువుడు. ఇది తూముకడ కొలత. పిమ్మట చిక్కువచ్చు స్థలమున, అనగా వెనుక గదిలోనో మేడమీదనో, అదే ఫోనుతో కొలువుడు. ఈ మూడు అంకెలును ఒక కాగితముమీద వ్రాసికొనుడు. తెల్లవాఱుజామున నొకసారి, రాత్రి 8, 9 గంటల నడుమ నొకసారి కొలిచినచో మఱింత తేటపడును.

తీగ కొలతయే మీరు చెల్లించు ప్లానునకు చాల తక్కువగ నున్నచో, మీ యింటిలో నేమి చేసినను లాభములేదు. సరఫరా చేయువారిని అడుగుడు. ఉదయము బాగుండి రాత్రి మాత్రము పడిపోయినచో, ఊరందఱు ఒకేసారి తూములెత్తినట్లన్నమాట; అదియు వారు చూడవలసినదే. తీగ కొలత బాగుండి తూముకడ కొలత తక్కువైనచో రౌటరో ఫోనో పాతదై యుండును, లేదా పొరుగువారి వైఫైలతో చిక్కుపడుచుండును. మొదటి రెండును బాగుండి మూడవది మాత్రమే పడిపోయినచో లోపము గోడలది, దూరముది, రౌటరు పెట్టిన చోటుది. మేము చూచిన యిండ్లలో ఈ మూడవ తరగతివే హెచ్చు. సంతోషింపదగిన సంగతి యేమనగా, తక్కువ ఖర్చుతో కుదిరెడిదియు నిదియే.

అంకెల విషయమున నొక మాట. ప్లానులలో 50 మెగాబిట్లు, 100 మెగాబిట్లు అని చెప్పుదురు. ఫోనులో ఫైలు దిగునపుడు మెగాబైట్లలో చూపును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల ప్లానులో సెకండునకు 12.5 మెగాబైట్లు దిగినచో మోసమేమియు జరుగలేదు. ఒక మంచి వీడియో చూచుటకు సుమారు 5 మెగాబిట్లు చాలును. వ్రేలిముద్ర, బ్యాంకు పని మొదలగువానికి అందులో నెన్నవవంతో కూడ అక్కఱలేదు. నలుగురైదుగు రున్న రైతు కుటుంబమునకు 50 మెగాబిట్లు సరిగా అందినచో కొఱత యుండదు. అంతకు మించిన ప్లాను గొనవలదని మేము చెప్పము. మూడు కొలతలు వేయకమునుపు గొనవలదని మాత్రము గట్టిగ చెప్పుచున్నాము.

ఇక బోదె పూడుటకు కారణము. వైఫై యనునది రేడియో తరంగము. రౌటరులలో తఱచు రెండు పట్టీలుండును: 2.4 గిగాహెర్ట్‌జులది యొకటి, 5 గిగాహెర్ట్‌జులది యొకటి. మొదటిదాని తరంగపు నిడివి సుమారు 5 అంగుళములు. రెండవదానిది 2 అంగుళములకు కొంచె మెక్కువ. పొడవు తరంగము గోడలను కొంత మెఱుగుగ దాటి దూరము పోవును, కాని మోయగల భారము తక్కువ. పొట్టి తరంగము మిక్కిలి వేగముగ మోయును, కాని రెండు గోడలకే అలసిపోవును. ఎద్దుబండికి ట్రాక్టరునకు గల భేదము గాదిది. మోకాలిలోతు బురదలో ఏది నడచునో, తారురోడ్డుమీద ఏది నడచునో అనునదే ప్రశ్న. రౌటరున్న గదిలోను ప్రక్కగదిలోను 5 వాడుడు. వెనుక వసారాలోను పెరటిలోను 2.4 వాడుడు. కొన్ని రౌటరులు రెంటికి ఒకే పేరు పెట్టి, ఫోనునకు తోచినదాని నెన్నుకొననిచ్చును. ఫోను దూరమునకు పోయినను బలహీనమైన 5నే పట్టుకొని వ్రేలాడుచున్నచో, రెంటికి వేఱువేఱు పేర్లు పెట్టి మీరే యెన్నుకొనవచ్చును.

ఖాళీ ప్రదేశమున దూరము రెట్టింపైనచో తరంగపు బలము నాలుగవవంతగును. ఇది ప్రకృతి నియమము. ఏ కంపెనీ రౌటరైనను తప్పించుకొనలేదు. ఇంటిలో దూరమునకు తోడు గోడలున్నవి. సన్నని ఇటుకగోడ కొంత తినును. మూరెడు మందపు మట్టిగోడ, రాతిగోడ చాల తినును. ఇనుపచువ్వలు పోసిన స్లాబు ఇంకను హెచ్చు. రేకు, బీరువా, షట్టరు మొదలగు లోహములు తరంగమును దాదాపు వెనుకకు కొట్టివేయును. అద్దము వెనుక పూతయు లోహమే గనుక నిలువుటద్దపు బీరువాకు రెండువిధముల పాపము. నీరు తరంగమును పీల్చుకొనును: నీళ్ల డ్రమ్ములు, తడి గోడలు, చెమ్మగల ధాన్యపు బస్తాలు. మనుష్య దేహములో హెచ్చుపాలు నీరే. పెండ్లినాడు ఇల్లు క్రిక్కిఱిసినపుడు వైఫై మందగించుటకు చుట్టముల ఫోనులతోబాటు చుట్టములును కారణమే.

కావున రౌటరును పెట్టవలసిన చోటేదో ఇప్పుడు తెలియుచున్నది. తీగ తెచ్చినవాడు ఎచ్చట రంధ్రము సులువుగ పడునో అచ్చటనే, తఱచు వీధిగుమ్మము ప్రక్క గోడకు బిగించి పోవును. అంత సగము వైఫై వీధి పాలగును. మీరు తీగను లోనికి మఱికొంత తీయుమని అడుగుడు. ఇంటి నడిమిభాగమున, మనుష్యుని తలకంటె కొంచె మెత్తున, చుట్టు ఖాళీగ నుండుచోట పెట్టుడు. టీవీ వెనుక, ఫ్రిజ్జుమీద, అటకమీద, బీరువాలో, దేవుని గూటిలో పెట్టరాదు. వంటయింటిలో మైక్రోవేవ్ పొయ్యి యున్నచో దానికి దూరముగ నుంచవలెను, అదియు 2.4 గిగాహెర్ట్‌జుల చెంతనే పనిచేయును గనుక, అన్నము వేడియగు రెండు నిమిషములును ఆ పట్టీలో నెట్ తడబడును.

మండువా ఇండ్లవారికి నొక సౌకర్యమున్నది. నడుమ ఆకాశము తెఱచియుండుటచే, చుట్టువసారా స్తంభమునకు వాన పడని చోట రౌటరు తగిలించినచో, నాలుగు వైపుల గదులకు ఒక్కొక్క గోడయే అడ్డము. పాత యిల్లు పడగొట్టి స్లాబు వేయించుకొన్నవారికి ఈ భాగ్యము లేదు. వారు మేడమీదికి వైఫై కావలెనన్న, రౌటరును మెట్లదారి దగ్గఱ పెట్టవలెను. స్లాబులో తరంగమునకు దొరకు కిటికీ ఆ మెట్లదారియే. వరుసగదుల పొడుగాటి పెంకుటిల్లయినచో, ఒక కొన పెట్టక మధ్యగదిలో, తలుపుల వరుసకు ఎదురుగ పెట్టుడు.

రౌటరునకు నిలబడు కొమ్ములు, అనగా ఆంటెనాలు, ఉన్నచో వానిని గుఱించి యొక అపోహ కలదు. కొమ్మును ఫోను వైపునకు చూపినచో బలము వచ్చునని కొందఱు తుపాకి గుఱి పెట్టినట్లు త్రిప్పుదురు. నిజమునకు కొమ్ము ప్రక్కలనుండియే తరంగము వెలువడును. కొననుండి వెలువడునది అత్యల్పము. ఒక అంతస్తు ఇంటికి కొమ్ములను నిలువుగ నుంచుడు. మేడ యున్నచో ఒకదానిని అడ్డముగ వంచుడు. కొమ్ములెన్ని యున్నవని లెక్కించి రౌటరు గొనువారు కూడ కలరు. కొమ్ముల సంఖ్యనుబట్టి ఆవు పాలిచ్చునా?

బలమును కొలుచుటకును ఆప్‌లున్నవి. అవి డీబీఎమ్ అను ప్రమాణములో మైనస్ అంకె చూపును. ఇది అప్పువంటిది, అంకె పెరిగినకొలది స్థితి చెడ్డది. మైనస్ 50 చాల మంచిది. మైనస్ 67 వఱకు వీడియోలో మాటలాడుటకు చాలును. మైనస్ 80 దాటినచో పేరునకు గీతలు కనబడును గాని పని జరుగదు. ఫోను చేతబట్టి గదిగదియు తిరిగి చూచినచో, ఏ గోడ దొంగయో మీకే తెలియును.

పల్లెలో దూరదూరముగ నిండ్లున్నవారికి ఈ తరువాతి మాట అంతగ నక్కఱలేదు. గోడకు గోడ కలిసిన వీధులవారికి మాత్రము చాల ముఖ్యము. 2.4 పట్టీలో మన దేశమున 13 చానళ్లు వాడుకలో నున్నవి. కాని వాని నడుమ ఎడము 5 మెగాహెర్ట్‌జులే. ఒక్కొక్క వైఫైకి కావలసిన వెడల్పు 20. అందుచేత ఒకదానితో నొకటి రాచుకొనని చానళ్లు 1, 6, 11 మాత్రమే. ఒకే చానలులో నున్న రెండు రౌటరులు ఒకరి మాట ఒకరు విని వంతులవారిగ మాటలాడుకొనును. పొరుగువారు 1లో నుండగా మీరు 3 పెట్టినచో, ఒకే వీధిలో రెండు పెండ్లి మేళములు మ్రోగినట్లగును. ఎవరి పాటయు ఎవరికి వినబడదు. కావున ఆప్‌లో చూచి, ఈ మూడింటిలో తక్కువ రద్దీగలదానిని రౌటరు సెట్టింగులలో పెట్టుకొనుడు. వెడల్పును 20గానే యుంచుడు. 5 పట్టీలో చానళ్లు హెచ్చు, పల్లెలలో వాడకము తక్కువ; అచ్చట వెడల్పు 80 పెట్టుకొన్నను బాధలేదు.

పాత యంత్రములనుగుఱించి సంగ్రహముగ చెప్పుదుము. వైఫై ప్రమాణము మొదట 1997లో వెలువడినది. 2009లో వచ్చినది 4వ తరము, 2013లో 5వది, 2021లో 6వది. 2.4 పట్టీ మాత్రమేగల 4వ తరము రౌటరు పెట్టెమీద 300 అని వ్రాసియున్నను, ఒక్క ఆంటెనాగల చౌక ఫోనునకు 20 వెడల్పులో దొరకు పైమితి 72 మెగాబిట్లు. అందులో చేతికి వచ్చునది 40, 50. అట్టి రౌటరులకు తీగ పెట్టు రంధ్రములును తఱచు 100 మెగాబిట్లవే. దానికి 200 ప్లాను తగిలించుట మానెడు పాత్రలో తవ్వెడు ఎక్కువ పోయుటయే. తీగ విషయమునను జాగ్రత్త వలయును. లోపల ఎనిమిది సన్నని రాగితీగ లుండును. ఎలుక కొఱికియో, తలుపు సందున నలిగియో ఒకటి తెగినచో, వేయి మెగాబిట్లు పోవలసిన తీగ నూటికి దిగిపోవును, ఎవ్వరికిని చెప్పదు.

ఇన్ని చేసినను వెనుక గది అందకపోయినచో అప్పుడు గాని రెండవ యంత్రమును గుఱించి యాలోచింపరాదు. ఇచ్చటనే రైతులు హెచ్చుగ మోసపోవుచున్నారు. అంగడివాడు బూస్టరని, రిపీటరని గోడకు గ్రుచ్చు చిన్న పరికరమునిచ్చును. దానిని తెచ్చి, వైఫై అందని గదిలో గ్రుచ్చుదురు. అది యెండిన బావికి మోటారు బిగించుటవంటిది. రిపీటరు క్రొత్త నెట్‌ను పుట్టింపదు. తనకు వచ్చినదానిని మరల పలుకును. తనకే వినబడనిచో నేమి పలుకగలదు? దానిని రౌటరునకు చిక్కు స్థలమునకు నడుమ, రౌటరు బలము ఇంకను బాగుండుచోట గ్రుచ్చవలెను. మఱియొక లోపము కలదు. ఇల్లంటుకొన్నపుడు వరుసగ నిలిచి బిందెలు చేతులుమార్చు వాడు, ఒక బిందె నందుకొనునపుడే మఱియొకటి నందింపలేడు. ఒకే పట్టీలో వినుట, పలుకుట రెండును చేయు రిపీటరుచేత వేగము సుమారు సగమగును. వాట్సాపు చూచుకొనుటకది చాలును. పరీక్ష వ్రాయు పిల్లకు చాలదు.

అన్నిటికంటె నమ్మదగినది తీగ. మంచి ఈథర్‌నెట్ తీగ నూఱు మీటర్లవఱకు వేయి మెగాబిట్లను తఱుగులేక మోయును. దానికి గోడలు లెక్కలేదు, పొరుగువారి మేళము లెక్కలేదు. రౌటరునుండి వెనుకభాగమునకు ఒక తీగ లాగి, ఆ కొనను మీయొద్ద మూలబడియున్న పాత రౌటరునే తగిలింపవచ్చును. చేయవలసినదేమనగా: పాతదాని సెట్టింగులలోనికి పోయి, దాని చిరునామాను మొదటిదానికంటె వేఱుగ మార్చుడు, మొదటిది 192.168.1.1 అయినచో దీనికి 192.168.1.2 ఇయ్యవచ్చును. తరువాత డీహెచ్‌సీపీ యను దానిని ఆపుడు. ఒక యింటిలో చిరునామాలు పంచు కరణము ఒక్కడే యుండవలెను, ఇద్దఱున్నచో తగవే. తీగను దాని ల్యాన్ రంధ్రములో పెట్టుడు గాని, నెట్ వచ్చుటకని గుఱుతువేసిన వ్యాన్ రంధ్రములో పెట్టవలదు. వైఫై పేరు, పాస్‌వర్డు మొదటిదానివే యిచ్చి, చానలు మాత్రము వేఱు పెట్టుడు. ఫోను ఇల్లంతయు తిరిగినను ఏ చోట ఏది బలముగ నున్న దానిని పట్టుకొనును. మెష్ అని పేరుపెట్టి జతలుగ నమ్మునవి ఈ పనినే సులువుగ చేయును; వానికిని నడుమ తీగ కలిపినచో మేలు. తీగకయ్యెడి ఖర్చు పది, పదునైదు మీటర్లకు కొన్ని వందల రూపాయలకు మించదు.

ఇంటినుండి పశువుల కొట్టమునకో, ఎదుటి పొలములోని మోటారు గదికో నెట్ కావలెనని కొందఱు సభ్యులడుగుచున్నారు. రేకుల కొట్టములోనికి బయటి వైఫై చొరదు గనుక యంత్రమును కొట్టము లోపలనే పెట్టవలెను. ఆరుబయట రాగితీగ లాగినచో పిడుగులకాలమున ఆ తీగయే విద్యుత్తును ఇంటిలోనికి తెచ్చు బాటయగును. రెండు కట్టడముల నడుమ ఫైబరు తీగ మేలు. గాజు విద్యుత్తును మోయదు. అంతకంటె దూరమైన పొలమునకు, ఎదురెదురుగ గుఱిపెట్టి బిగించు జంట పరికరములు 5 పట్టీలో దొరకును. ఇండ్లలో వాడు చిన్నశక్తి పరికరములకు 2.4 పట్టీలో లైసెన్సు నక్కఱలేదని 2005లోను, ఆరుబయటతో సహా 5 పట్టీలో నక్కఱలేదని 2018లోను ప్రభుత్వము నియమములు చేసినది. ఒక చివరనుండి చూచిన రెండవ చివర కంటికి కనబడవలెను. వేసవిలో బిగించిన జంట, చెఱకో మొక్కజొన్నయో పెరిగి అడ్డము వచ్చినపుడు మూగపోవును. పచ్చియాకు నిండ నీరే కదా. పంట నిలువెత్తు లెక్కించి దానికి మించి స్తంభము పాతుడు.

ఫైబరు తీగ సున్నితమైనది. గాజుకంటె చిన్న చుట్టుగ చుట్టరాదు, మడువరాదు. వంపులో వెలుగు కారిపోవును. పెట్టెమీద లాస్ అను దీపము ఎఱ్ఱగ వెలిగినచో వెలుగు అందుటలేదని యర్థము; అప్పుడు రౌటరును ఆపి వెలిగించుటవలన లాభములేదు, తీగ తెగినదో మడతపడినదో చూడవలెను. తెగిన కొనను కంటికెదురుగ పెట్టి చూడరాదు. అందులోని వెలుగు కంటికి కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

కరెంటు పోయినపుడు రౌటరును నిలుపు చిన్న బ్యాటరీ పెట్టెలు వచ్చినవి. రౌటరు ఆడాప్టరుమీద 12 వోల్టులని యున్నదా, 9 అని యున్నదా చూచి అదే గొనుడు. ఫైబరు పెట్టె, రౌటరు వేఱువేఱుగ నున్నచో రెంటికిని కరెంటు కావలెను; ఒకదానికే బ్యాటరీ పెట్టి ఆశ్చర్యపడినవారిని చూచితిమి. ఉఱుములు వినబడగానే రెంటి ప్లగ్గులును తీసివేయుడు.

పాస్‌వర్డు విషయమున మొగమాటము పనికిరాదు. మీ నెట్‌తో ఎవ్వరే పాడుపని చేసినను మొదట విచారణకు వచ్చునది మీ గుమ్మమునకే. భద్రత యను చోట డబ్ల్యూపీఏ2 గాని డబ్ల్యూపీఏ3 గాని యెన్నుకొనుడు. డబ్ల్యూఈపీ యనునది ఏనాడో విఱిగిన తాళము. రౌటరు సెట్టింగులలోనికి పోవుటకు పుట్టుకతో వచ్చిన పాస్‌వర్డును కూడ మార్చుడు. బంధువులకు, కూలీలకు ఇయ్యవలసివచ్చినచో గెస్టు అను వేఱు వైఫై తెఱచి యిచ్చినచో మీ సొంత యంత్రములు వారికి కనబడవు. వీధిలో పదిమందికి పంచిన వైఫైలో వేగము వెదకుట, గండిపడిన చెఱువులో నీరు వెదకుటయే.

మూడు కొలతలలో మొదటిదానికి తీగ లేదని పలువురు చెప్పినందున, మా కార్యాలయమున ముప్పది మీటర్ల ఈథర్‌నెట్ తీగ యొకటియు, ఫోనునకు ఆ తీగను తగిలించు చిన్న ఆడాప్టరు ఒకటియు తెప్పించి యుంచితిమి. కావలసిన సభ్యులు పుస్తకములో సంతకము చేసి రెండు దినములకు తీసికొనిపోవచ్చును, రుసుము లేదు. క్రొత్త రౌటరో రిపీటరో గొనుటకు మునుపే తీసికొనిపొండు. తిరిగి యిచ్చునపుడు మీ మూడు అంకెలను ఆ పుస్తకములోనే వ్రాసినచో, ఏ వీధిలో కాలువ పూడినదో, ఏ వీధిలో బోదెలు పూడినవో లెక్కగట్టి, సరఫరా చేయువారి నడుగుటకు మాకు వీలగును.